కనకం చేతి అన్నం

3-9-2001, సోమవారం

కనకం నాకు మందు పెట్టి వచ్చే విదియకి పదకొండేళ్ళు. ముందు ఇది రాసుకోవాలి. మిగతావి తరవాత.

కొత్తపేట చిన్న డాక్టరు గారు నోటు పుస్తకం పెట్టుకోమన్నారు. ఏం తిన్నారు, ఎన్నింటికి తిన్నారు, ఎప్పుడు మండింది, అన్నీ రాయండి తాతగారూ అన్నారు. తాతగారూ అన్నందుకు కోపం వచ్చింది. నేను చదివింది మూడో తరగతి. లోడు వెళ్ళినప్పుడు లారీ నంబరూ, కొబ్బరికాయల లెక్కా రాసిన చెయ్యే గానీ ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. పుస్తకం కోడలు ఇచ్చింది. ముందు పేజీలు డాక్టరు గారికి. వెనక నించి రాసేది నాకు. వెనక పేజీలు ఎవరూ చూడక్కర్లేదు.

దీపావళి వెళ్ళిన రెండో రోజు విదియ. ఆ రోజు అన్నదమ్ములు తోబుట్టువు చేతి అన్నం తింటే యముడు ఆ గుమ్మం తొక్కడంటారు. నాకున్న తోబుట్టువు కనకం ఒక్కతే. అప్పుడు దానికి కొత్తపేట బస్టాండు పక్కన భోజనం హోటలు. మొగుడు పోయేక అదే దాని బతుకు. నన్ను లోపల పీట వేసి కూర్చోబెట్టింది. ఆ వారమే తోటలో నీళ్ళ బోదె దాటుతూ జారి మోకాలు పట్టేసింది. నొప్పి పొట్లం వేసుకుంటానన్నాను. కాస్త అన్నం తిన్నాక వేసుకో అన్నయ్యా అంది. నేను ఆగలేదు, నీళ్ళతో మింగేసేను. తరవాత వడ్డించింది. కందా బచ్చలి కూర, పులిహోర, బూరెలు. బూరెలు ఆరు తిన్నాను. సాయంత్రానికి కడుపులో నిప్పు పడింది. ఇప్పటికీ ఆరలేదు.

ఆ ఏడు వేసవిలోనే నాన్న తోటలో తనకీ వాటా ఉందని అడిగింది. లేదన్నాను. లెక్క సరిపోయింది కదా.

ఇన్నేళ్ళలో ఒక్కసారి వచ్చి, నేను పెట్టలేదన్నయ్యా అని దీపం ఆర్పి ప్రమాణం చెయ్యలేదు. చెయ్యనిదాన్ని ఏమనుకోవాలి.

4-9-2001

ముందు పేజీలో ఇలా రాసేను. ఆరింటికి టీ. ఎనిమిదింటికి ఇడ్లీలు రెండు. పదింటికి మంట. పన్నెండింటికి అన్నం, చారు. రెండింటికి మంట, పుల్ల తేన్పులు. సాయంత్రం మజ్జిగ. కాస్త నయం.

టీతో పాటు పొట్లం వేసుకున్నాను. అది అందులో రాయలేదు. అది మోకాలికి. డాక్టరు గారు అడిగింది కడుపు సంగతి.

5-9-2001

మంట.

8-9-2001

దింపు రోజు. మనుషులు చెట్లెక్కి కాయలు దించుతుంటే కింద నిలబడకపోతే పని సాగదు. పొద్దున్న ఒక పొట్లం, మధ్యాహ్నం ఒక పొట్లం. తాతారావు మెడికల్ షాపువి. తెల్లది ఒకటి, పసుపుది ఒకటి, గులాబీది సగం, కాగితంలో మడిచి ఇస్తాడు. పేరు అడిగితే "పేర్లెందుకండీ శ్రీరాములు గారూ, మీరు నడవాలి, అంతే కదండీ" అంటాడు. నడుస్తున్నాను. డెబ్బయ్యో ఏట ఇంతలా నడిచేవాడు మా వీధిలో లేడు.

కడుపు బాగోలేదు.

11-9-2001

అచ్చాయమ్మ మళ్ళీ మొదలుపెట్టింది. నలభై ఏడేళ్ళు కాపరం చేసినా ఆవిడకి నా మాట తలకెక్కలేదు.

"ఆ పిల్ల మీకెందుకు పెడుతుందండీ?"

"నూకయ్య కక్కించింది నీ కళ్ళతో చూడలేదా?"

"చూసేనండి. నల్లగా ఉంది."

"మరి?"

"నల్లగా ఉంది, అంతేనండి."

నూకయ్య గోదావరి లంకలో ఉంటాడు. పెట్టుడు మందు కక్కిస్తాడు. విదియ వెళ్ళిన నెలకి అతని దగ్గరికి వెళ్ళేను. ఆకు పసరు తాగించేడు. పేగులు బయటికొచ్చేలా వాంతి అయ్యింది. పుల్లతో బేసిన్లో కెలికి గోళీకాయంత నల్లటి ఉండ తీసేడు. "ఇదేనండి. తోబుట్టువు చేతిదండి ఇది" అన్నాడు. నేను అతనికేమీ చెప్పలేదు. తనంతట తనే చెప్పేడు. అంతకన్నా రుజువేం కావాలి. కొంత రాలేదు, అడుగున అంటుకుపోయింది అని కూడా చెప్పేడు. ఆ అంటుకున్నదే ఇది.

మర్నాడు కొత్తపేట వెళ్ళి నేను చేసింది చేసేను. అది రాయక్కర్లేదు. అందరికీ తెలిసిందే.

13-9-2001

చిన్న డాక్టరు గారు ముందు పేజీలు చూసేరు. వేళకి తింటున్నారు, కారం మానేసేరు, చుట్టా లేదు, సారా లేదు, మరెందుకు మండుతోంది అన్నారు. నన్నడిగితే నేను చెబుతాను. అడగలేదు. రాజమండ్రి వెళ్ళి గొట్టం వేయించుకోమని చీటీ రాసేరు.

20-9-2001, గురువారం

రాజమండ్రి. మా అబ్బాయి దుర్గాశ్రీనివాస్ కారు మాట్లాడేడు. జొన్నాడ వంతెన మీద కిందకి చూస్తే గోదావరి ఎర్రగా ఉంది. లోపల నా కడుపూ అలాగే ఉందని తరవాత తెలిసింది.

గొంతులో చేదు మందు కొట్టి, ఎడమ వైపు పడుకోబెట్టి, పళ్ళ మధ్య ప్లాస్టిక్ ముక్క పెట్టి, నల్ల గొట్టం దింపేరు. ఊపిరి ఆడదనుకున్నాను. ఆడింది. కళ్ళ నించి నీళ్ళు వాటంతటవే కారేయి. ఏడవలేదు. పక్కన టీవీలో నా కడుపు చూపించేరు. ఎర్రటి బురద గట్టులా ఉంది, వాన పడ్డాక పశువులు తొక్కినట్టు.

పెద్ద డాక్టరు గారు మెత్తని మనిషి. "లోపలి పొర వాచిందండి. ఇది నిన్నా మొన్నటిది కాదు, ఏళ్ళ తరబడి ఉన్నది. కొన్ని చోట్ల అరిగి పల్చబడింది కూడా. నొప్పి మాత్రలేమైనా వాడతారాండీ?" అని అడిగేరు.

"లేదండి" అన్నాను.

అచ్చాయమ్మ నా వంక చూసింది. నేను ఆవిడ వంక చూసేను.

నేను అబద్ధం చెప్పలేదు. మాత్రలంటే డాక్టర్లు రాసేవి. నావి పొట్లాలు.

కడుపులోంచి గోరంత ముక్క తీసి పసుపు నీళ్ళలో వేసేరు. కాసేపటికి ఆ నీళ్ళు గులాబీ రంగుకి తిరిగేయి. క్రిమి ఉందండి, అన్నారు.

"ఎవరైనా అన్నంలో పెడితే వస్తుందాండి?"

డాక్టరు గారు నవ్వేరు. "ఎవరూ పెట్టరండీ. చిన్నతనంలో నీళ్ళలోంచో, ఒకళ్ళ ఎంగిలి ఒకళ్ళు తినడం వల్లో వస్తుంది. ఇంట్లో ఒకరికుంటే మిగతావాళ్ళకీ ఉంటుంది. బయట కూర్చున్నవాళ్ళలో సగం మందికి ఉంటుంది. చాలామందికి ఏమీ చెయ్యదు."

నవ్వితే నేను నమ్మాలా. క్రిమి దొరికింది. పదకొండేళ్ళ నించి లోపల ఏదో ఉందని నేను మొత్తుకుంటున్నది ఇదే.

21-9-2001

ఒకటి రాయాలి. చిన్నప్పుడు ఇంట్లో తాగే నీళ్ళు కాలవవి. బురద తేరడానికి ఇండుపగింజ అరగదీసి కుండలో పోసేవాళ్ళు. ఆ కుండకి ఒకటే ముంత. నేను తాగేక కనకం, కనకం తాగేక నేను. నేను సగం కొరికిన తేగ అది లాక్కుని తినేది.

అలా అయితే దానికీ ఉండాలి ఈ క్రిమి. దానికి మండలేదే.

27-9-2001

పద్నాలుగు రోజుల మందులు. పొద్దున్న మూడు, సాయంత్రం మూడు. ఒక్క పూట మానినా క్రిమి ముదిరిపోతుందన్నారు. నోరంతా ఇనుము నాకినట్టు ఉంది.

మానలేదు. ఒక్కటీ మానలేదు. నేను పట్టు పడితే అంతే.

పొట్లం కూడా మానలేదు. దానికీ దీనికీ సంబంధం లేదు.

1-10-2001

ఆరు రోజులకోసారి తాతారావు దగ్గరికి వెళ్ళేవాడిని. ఇప్పుడు మూడు రోజులకోసారి వెళ్తున్నాను. మోకాలి నొప్పికి కాలు కింద పెట్టడానికి లేదు. వానాకాలం కదా.

4-10-2001

మంట.

6-10-2001

మంట. పెరుగన్నం కూడా మండింది. అచ్చాయమ్మ మెత్తగా పిసికి పెట్టింది, పసిపిల్లాడికి పెట్టినట్టు. కంచం తోసేసేను.

11-10-2001

కోర్సు పూర్తయ్యింది. క్రిమి పోతే మంట పోవాలి. పోలేదు. అంటే మంట క్రిమిది కాదు. అంటే నూకయ్య చెప్పిందే నిజం, అడుగున అంటుకున్నది ఇంకా ఉంది. ఇది కనకానికి తెలియాలి. రాజమండ్రి డాక్టరు వల్ల కూడా కాలేదని తెలియాలి.

13-10-2001

విరేచనం తారులా నల్లగా అయ్యింది. ఎవరికీ చెప్పలేదు.

14-10-2001

ఇవాళా అంతే. పోతోంది అనుకున్నాను. అంటుకున్న మందు కరిగి పోతోంది అనుకున్నాను. సంతోషించేను.

19-10-2001

ఆసుపత్రి నించి వచ్చేను. కొంచెం కొంచెం రాస్తాను.

పదిహేనో తారీకు కొబ్బరి రాశి దగ్గర కళ్ళు తిరిగి పడిపోయేను. అబ్బాయి రాజమండ్రి తీసుకెళ్ళేడు. రెండు సీసాల రక్తం ఎక్కించేరు. నల్లగా పోయింది మందు కాదంట. నా రక్తమేనంట.

మళ్ళీ గొట్టం. పెద్ద డాక్టరు గారు ఈసారి నవ్వలేదు. "తాతగారూ, ఇంకోసారి అడుగుతున్నాను. నొప్పి మాత్రలు వాడతారా, వాడరా?" నేను నోరు తెరిచేలోపల అచ్చాయమ్మ సంచీ బోర్లించింది. మడత కాగితాలు బల్ల నిండా పడ్డాయి. ఖాళీవి, నిండువి. నా చొక్కా జేబుల్లోంచీ, పరుపు కిందనించీ, టీ డబ్బాలోంచీ ఎప్పటినించి పోగు చేసిందో. నలభై ఏడేళ్ళలో నా మాట కాదని ఒకళ్ళ ముందు ఒక పని చెయ్యడం ఆవిడకి ఇదే మొదలు.

డాక్టరు గారు ఒక పొట్లం విప్పి చూసేరు. "ఎన్నాళ్ళ నించండీ?"

"పదకొండేళ్ళండి" అంది అచ్చాయమ్మ.

"తిన్నాకా, తినకముందా?"

"పరగడుపునండి. టీతోనండి."

ఆయన ఆ పొట్లం మళ్ళీ మడిచి పక్కన పెట్టేరు. తరవాత నాకు అర్థమయ్యేలా చెప్పేరు. కడుపులో ఊరే పులుపు ఇనుముని కూడా తింటుంది. అది కడుపుని తినకుండా లోపల జిగురు పూత ఒకటి ఉంటుంది, గోడకి సున్నంలా. ఈ నొప్పి మందులు ఆ పూతని ఊరనివ్వవు. నాలుగు రోజులు వాడితే మళ్ళీ ఊరుతుంది. పదకొండేళ్ళు వాడితే గోడే తినేస్తుంది. క్రిమి చేసింది కొంత, ఇవి చేసింది చాలా. అదీ ఇదీ కలిసేయి.

"మానేస్తే మామూలవుతుందాండి?" అని అబ్బాయి అడిగేడు.

"నిజం చెబుతాను. రక్తం ఆగుతుంది. మంట కొంత తగ్గుతుంది. పూర్తిగా పోతుందని చెప్పలేను. అరిగిపోయిన చోట కడుపు పొరకి బదులు పేగు పొరలాంటిది మొలిచింది. ముక్క పరీక్షలో తేలింది. అది వెనక్కి వెళ్ళదు. ఇవాళ్టికి కేన్సరు కాదు. ఏడాదికోసారి గొట్టం వేసి చూసుకుంటూ ఉండాలి."

ఇవాళ్టికి, అన్నారు.

20-10-2001

డాక్టర్లకేం తెలుసు. వాళ్ళకి పెట్టుడు మందు సంగతి చదువులో ఉండదు.

22-10-2001

తాతారావు దగ్గరికి రిక్షాలో వెళ్ళేను.

"నా కడుపు తినేసేవు కదరా."

"అయ్యో, అదేంటండీ. అన్నం తిన్నాక వేసుకోమని మొదటి రోజే చెప్పేనండి. పదిరోజులకి మించొద్దని కూడా చెప్పేనండి."

"ఎప్పుడు చెప్పేవు?"

"మీకు చెబితే ఏమన్నారండీ? నాకు తెలుసులే, నువ్వు కట్టు అన్నారు. ఆయ్. అక్కడున్నవాళ్ళందరూ నవ్వేరు కూడానండి."

అన్నాను. గుర్తుంది. నేను ఎవరితోనైనా అలాగే అంటాను.

తిరిగొస్తుంటే రిక్షాలో ఇంకో మాట గుర్తొచ్చింది. కాస్త అన్నం తిన్నాక వేసుకో అన్నయ్యా. నా మొదటి పేజీలో నేనే రాసేను. ఇంటికొచ్చి వెనక్కి తిప్పి చూసేను. ఉంది. నా అక్షరాలే.

ఆ వారమే మోకాలు. ఆ వారమే మొదటి పొట్లం. అప్పటికి ఆరు రోజుల నించీ వేసుకుంటున్నాను. ఏడో రోజు విదియ.

కానీ నల్ల ఉండ ఉంది కదా.

23-10-2001

అచ్చాయమ్మని అడిగేను. నూకయ్యకి తోబుట్టువని ఎలా తెలిసిందే అని.

"అతని అరుగు మీద అరగంట కూర్చున్నాం కదండీ. మీరు ఆ అరగంటా కనకం మీదే చెప్పుకున్నారు. అతను తలుపు వెనకే పసరు నూరుతున్నాడండి."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"చెప్పేనండి. నోరు ముయ్యమన్నారు."

ఆ ఉండ చూస్తే చింతపండు పిసికినట్టుందని కూడా అంది. చేత్తో ఉండ కట్టినట్టుందంట. ఇన్నాళ్ళూ అది చూసిన మనిషి నా పక్కనే పడుకుంది.

24-10-2001

ఇంకోటి చెప్పింది. నేను అడగకుండానే.

నేను కొత్తపేటలో చేసింది చేసేక కూడా కనకం మూడు విదియలకి బస్సులో క్యారేజీ పంపింది. నాలుగు గిన్నెల స్టీలుది. ముట్టుకోనన్నాను, గేదెలకి వెయ్యమన్నాను. వేసేనని చెప్పింది. వెయ్యలేదంట.

"నేనే తిన్నానండి. మూడేళ్ళూ. వెనక వరండాలో కూర్చుని. బూరెలు కూడా తిన్నాను. నాకేం కాలేదండి."

"తెలిసీ ఊరుకున్నావా?"

"ఏం చెయ్యమంటారండీ. మీకు చెబితే నన్ను కూడా పంపేసేవారు."

నాలుగో ఏడు క్యారేజీ రాలేదు. మూడోది తిరిగి పంపలేదు మేము. వంటింటి మేకుకి వేళ్ళాడుతోంది. ఏడేళ్ళు పైనే దాని కింద నించే తిరుగుతున్నాను.

29-10-2001

పొట్లం మానేసి రెండు వారాలు. రెండు మోకాళ్ళూ గడియ పెట్టినట్టు బిగుసుకున్నాయి. పెరట్లోకి వెళ్ళాలంటే అబ్బాయి భుజం పట్టుకోవాలి. కడుపు బాగుపడాలంటే కాళ్ళు వదులుకోవాలి, కాళ్ళు కావాలంటే కడుపు వదులుకోవాలి. రెండూ ఉంచుకునే దారి లేదా అని డాక్టరు గారిని ఫోనులో అడిగించేను. వేడి కాపడం పెట్టుకోండి, తైలం రాసుకోండి, అన్నారంట.

మంట ఉంది. ముందంత లేదు. ఉంది.

30-10-2001

కనకానికి కార్డు రాసేను. ఇప్పుడది తాటిపాకలో గ్యాసు పనికి వచ్చిన కూలీలకి మెస్సు వండుతోంది. అరవై దాటింది. ఇంకా పొయ్యి దగ్గరే.

ఇలా రాసేను. "కనకానికి. గొట్టం వేసి చూసేరు. నీ అన్నంలో ఏమీ లేదని తేలింది. ఈ విదియకి రా. శ్రీరాములు."

అచ్చాయమ్మ చదివించుకుని, తప్పైందని ఒక్క మాట రాయండి అంది. కార్డులో చోటు లేదన్నాను. చోటు ఉంది.

5-11-2001, సోమవారం

అప్పుడు రాయనిది ఇవాళ రాస్తాను.

నూకయ్య ఉండ చూపించిన మర్నాడు, భోజనాల వేళకి, కనకం హోటలు ముందు నిలబడ్డాను. లోపల బల్లల నిండా జనం. "లేవండి. ఇది సొంత అన్నకే మందు పెట్టిన చెయ్యి. మీకు పెట్టదని నమ్మకమేంటి?" అన్నాను. గొంతెత్తి అన్నాను. బస్టాండులో వాళ్ళు కూడా వచ్చేరు. బంగారరాజు మేష్టారు రోజూ అక్కడే తినేవారు. ఆయన సగం తిన్న విస్తరి మీద నీళ్ళు పోసి లేచేరు. ఆయన లేచేక అందరూ లేచేరు. కనకం వంటింటి గుమ్మంలో అన్నం గరిటె పట్టుకుని నిలబడింది. "అన్నయ్యా, నువ్వేనా ఈ మాటంటున్నది?" అంది. అంతే. ఏడవలేదు. అరవలేదు. అది కూడా నేను దాని మీదకే లెక్క కట్టేను, తప్పు చెయ్యనిదైతే ఏడ్చేది కదా అని.

ఆరు నెలలకి హోటలు మూసేసింది. కొత్తపేటలో ఎవరూ దాని చేతి మంచినీళ్ళు తాగలేదు.

ఇవాళ అబ్బాయి చేత ఆటో పిలిపించుకుని అక్కడికి వెళ్ళేను. ఎక్కడ నిలబడి అన్నానో అక్కడే నిలబడి కాదని చెబుదామని. హోటలు లేదు. ఎరువుల కొట్టు ఉంది. ఆ కొట్టతను రావులపాలెం నించి వచ్చినవాడు, కనకం ఎవరో తెలీదు. అప్పటి కిళ్ళీ బడ్డీ లేదు. బల్లల మీద నించి లేచినవాళ్ళలో కొందరు పోయేరు. బంగారరాజు మేష్టారింటికి వెళ్ళేను. మంచం మీద ఉన్నారు. "మేష్టారూ, ఆ రోజు నేను చెప్పింది నిజం కాదండి, మా చెల్లెలు ఏమీ పెట్టలేదండి" అన్నాను.

"ఏ చెల్లెలండీ?" అన్నారు.

చెప్పేను. చాలాసేపు చెప్పేను.

"ఓహో. పులిహోర బాగా చేసేది ఆవిడ" అన్నారు. కళ్ళు మూసుకున్నారు.

నేను చెప్పిన మాట ఊరంతా తిరిగింది. దాన్ని వెనక్కి తెద్దామంటే ఎక్కడుందో తెలియడం లేదు.

8-11-2001

కార్డుకి జవాబు లేదు. తాటిపాక ఎంత దూరం. రెండు బస్సులు.

నా కాళ్ళు పనిచేసిన పదకొండేళ్ళూ వెళ్ళలేదు.

9-11-2001, శుక్రవారం

అచ్చాయమ్మ వెళ్ళింది. నేను పంపలేదు, తనే వెళ్ళింది. మేకు మీద క్యారేజీ దించి, చింతపండు పెట్టి తోమి, సంచీలో పెట్టుకుంది. ఏం చెప్పమంటారండీ అని అడిగింది. తప్పు నాదేనని చెప్పు అన్నాను. పైకి అనడం ఇదే మొదలు. గోడ వైపు తిరిగి అన్నాను.

10-11-2001, శనివారం

అచ్చాయమ్మ వచ్చింది. చెప్పింది చెప్పినట్టు రాస్తాను.

కనకం జుట్టంతా నెరిసిపోయిందంట. రేకుల షెడ్డులో రెండు పెద్ద డేగిశాలు పొయ్యి మీదున్నాయంట. వదినా అని కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చిందంట. కార్డు అందిందంట. దేవుడి పటం వెనక ఉందంట. నా కడుపు సంగతి అంతా అడిగిందంట, గొట్టం ఎలా వేసేరు, రక్తం ఎంత పోయింది, డాక్టరు ఏమన్నాడు. మంట మొత్తం పోతుందా వదినా అని అడిగిందంట. పోదన్నారమ్మా అని అచ్చాయమ్మ చెప్పింది. అబద్ధం చెప్పడం ఆవిడకి రాదు.

అప్పుడు అందంట. "అయితే నేను వడ్డించను వదినా. ఏం తిన్నా మండే కడుపు. నేను పెట్టింది తిన్నాకా మండుతుంది. మండినప్పుడు అన్నయ్య ఊరుకుంటాడని నాకు నమ్మకం లేదు. ఒకసారి నోటి మాటకి ఊరు వదిలేసేను. ఇప్పుడు పోవడానికి నాకు ఇంకో ఊరు లేదు."

కోపంగా అందా అని అడిగేను. లేదండి, అన్నం వారుస్తూ అంది అని చెప్పింది.

క్యారేజీ అక్కడే వదిలేసి వచ్చింది. తీసుకోమంటే తీసుకోలేదంట, వద్దని తిరిగి ఇవ్వనూ లేదంట. పొయ్యి పక్కన గట్టు మీద పెట్టిందంట.

11-11-2001, ఆదివారం

పొద్దున్న నించి మంట. జావ తాగేను. మాత్ర వేసుకున్నాను, డాక్టరు రాసిందే. మంట.

కనకం అన్నది నిన్నటి పేజీలో మళ్ళీ చదువుకున్నాను. మండుతుంది. అది నిజం. ఊరుకుంటానని ఎవరి పేరు మీద ప్రమాణం చెయ్యను. డెబ్బయ్యేళ్ళలో ఊరుకున్న రోజు ఒకటి చూపించమంటే చూపించలేను. ప్రమాణం చెయ్యలేదని పదకొండేళ్ళు దాన్ని అన్నాను. ఇప్పుడు చెయ్యాల్సింది నేను. నేను దీపం ఆర్పినా అది నమ్మదు. నేనైనా నమ్మను.

ఇక్కడ నించి రాసేది చింపి పంపుతాను. రేపు అబ్బాయి రాజోలు వెళ్తున్నాడు, దారిలో తాటిపాకలో ఇచ్చి వస్తాడు.

కనకం,

తప్పు నాదే. కార్డులో చోటు ఉండగా రాయలేదు, ఇక్కడ రాస్తున్నాను. నువ్వు తిన్నాక వేసుకోమన్నావు. నేను వినలేదు. నేను మింగిన దానికి నీ పేరు పెట్టేను. కొత్తపేటలో కాదని చెబుదామని వెళ్ళేను, వినేవాళ్ళు లేరు. నీ హోటలు నేను తేలేను. నా కడుపు డాక్టరు తేలేడు.

నువ్వు రావద్దు. నాకు వడ్డించొద్దు. నా కాళ్ళు నీ దాకా రావు. క్యారేజీ నీ దగ్గరుంది. విదియ శుక్రవారం. రాజోలు నించి మీ తాటిపాక మీదుగా రాజమండ్రి వెళ్ళే బస్సు పదకొండున్నరకి కొత్తపేటలో ఆగుతుంది. అప్పటికి అబ్బాయి నన్ను ఆటోలో తెచ్చి బస్టాండులో కూర్చోబెడతాడు, నేను నిలబడి అరిచిన చోటికి పక్కనే. క్యారేజీ నింపి పంపితే అక్కడే అందరి ముందూ విప్పి తింటాను. తిన్నాక మండితే ఆ బెంచీ మీదే కూర్చుని ఉంటాను, నోరు విప్పను. అచ్చాయమ్మ పక్కనుంటుంది, నీకు చెబుతుంది. పెట్టడం ఇష్టం లేకపోతే ఖాళీది పంపు. అదీ అందరి ముందే విప్పుతాను.

ఏదీ పంపకుండా మాత్రం ఉండకు. శుక్రవారం పదకొండున్నర. నిండుదో, ఖాళీదో, ఆ బస్సుకి రావాలి.